అంజూర కొమ్మలు

సామానంతా ఆటోలోకి ఎక్కించాక, ఆ ఇంట్లో అద్దెకుంటూ బట్టలు కుట్టుకునే ఆమె కత్తి పట్టుకుని పెరట్లోకి తిరిగొచ్చింది. ఇంటి ఓనరమ్మ అంజూర చెట్టుకు అడ్డంగా నిలబడి ఉంది.

“చెట్టు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను.”

“నాటింది నేనండీ! నేనొచ్చినప్పుడు ఈ మూల ఇటుక ముక్కలు తప్ప ఏమున్నాయి?”

“నేల మాది. నేలలో ఉన్నదీ మాదే.”

“కాపు పట్టేదాకా నీ ఇల్లే అనుకోమన్నారు. బుట్టెడు పళ్లు మీ ఇంటికొచ్చాయో లేదో, మీ చెల్లెలికి ఇల్లు కావాల్సొచ్చింది!”

“నా చెల్లెల్ని రావద్దనమంటావా?”

“అనొద్దు. రెండు కొమ్మలు కోసుకోనివ్వండి. వెళ్లినచోట నాటుకుంటాను.”

“కొమ్మలు కొడితే చెట్టు చస్తుంది.”

“చావదు! ఏటా నేనే కత్తిరిస్తున్నాను. మీరెప్పుడైనా దాని మొహం చూస్తే కదా తెలిసేది!”

ఓనరమ్మ మూతి ముడుచుకుని పక్కకు జరిగింది. అద్దెకున్నామె రెండు కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టింది. విసవిసా గేటు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది.

“చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలవనివ్వకండి. పండు మెత్తబడి కిందికి వాలాకే కోయండి, పచ్చిగా కోస్తే ఇక పండదు. మిగిలినవి చీల్చి ఎండబెట్టండి.”

“ఇంత కోపంలోనూ నాకు జాగ్రత్తలు చెబుతున్నావే!”

“మీకోసం ఎవరు చెబుతున్నారండీ!” అంది ఆమె. “దాన్ని మీ చేతుల్లో వదిలేసి పోతున్నాను కదా.”