మళ్ళీ గుమ్మడికాయేనా

స్వెటర్ల కార్ఖానాలో చలికాలపు ఆర్డర్ల హడావిడి మొదలైందంటే కోడలికి ఇల్లు నిద్రపోవడానికే. అందుకని వంట అత్తగారి చేతికొచ్చింది. ఆ సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి, భుజాన సంచీ అయినా దించకుండా పొయ్యి మీద గిన్నె మూత తీసింది.

"మళ్ళీ గుమ్మడికాయేనా అత్తయ్యా?"

"గుమ్మడికాయొక్కటేనా? పప్పుంది, క్యారెట్టుంది, నిన్న మిగిలిన బంగాళాదుంపలున్నాయి. అన్నీ ఉడికించి మెత్తగా ఎనిపాను."

"అదే మరి. వారం రోజులుగా ఈ ఇంట్లో కనబడిందల్లా ఎనిపేస్తున్నారు. నిన్న బీన్సు కూడా గుజ్జు చేశారు. బీన్సుని గుజ్జు చేయాలని ఎవరికైనా తోస్తుందా అసలు?"

"సులువుగా అరుగుతుంది కదా అని..."

"పెద్దాడిది రాళ్ళు తిన్నా అరిగే వయసు!"

"చవగ్గా కూడా వస్తోందమ్మా. ఒక్క కాయ తెస్తే మూడు పూటలు. మూతపెట్టి సన్నమంట మీద వదిలేస్తే గ్యాసూ కలిసొస్తుంది. ఒంటికీ మంచిదే."

"మంచిదే, కాదన్నానా? లోపలికెళ్తే కదా మంచి చేసేది! చిన్నది చెంచాతో గుట్టలు కట్టి ఆడి, గిన్నె అలాగే వదిలేస్తోంది. మీ అబ్బాయేమో ఆకలి లేదంటూ వీధి చివర బండి దగ్గర వేపుళ్ళు తినొస్తున్నాడు. ఆయన నడిపే వ్యానులో నూనె కాగితాలు నా కళ్ళతో చూశా. ఇక్కడ మిగిలిన డబ్బంతా అక్కడ పోతోంది."

"వాడికి చిన్నప్పట్నుంచీ చిరుతిళ్ళ పిచ్చి."

"మాట మార్చకండి. అయినా ఏంటి, మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి? ఇంట్లో కూడా ఆ మఫ్లరెందుకు మూతికి?"

"జలుబు. చల్లగాలి కదా."

"ఇన్ని రోజుల జలుబా? డాక్టరు దగ్గరికి..."

"తగ్గిపోతుందిలే. నువ్వు ముందు కూర్చో. తెల్లారకముందు వెళ్ళినదానివి."

"కూర్చుంటే మళ్ళీ లేవలేను. గుండీలు కుట్టీ కుట్టీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. వినండి అత్తయ్యా, కోప్పడకండి. రేపట్నుంచి వంట నేనే చేస్తా. ఇంకాస్త ముందు లేస్తే సరి."

"ఇంకా ముందా? ఇప్పటికే కళ్ళు గుంటలు పడ్డాయి."

"ఏం చేయమంటారు మరి? పిల్లలు అర్ధాకలితో పడుకుంటున్నారు."

"వద్దమ్మా. రేపు ముక్కలుగానే వండుతా. కొరికితే పంటికి తగిలేలా వండుతా. వంట కూడా నువ్వే లాక్కుంటే ఇంక ఈ ఇంట్లో నేను దేనికి? మూల దిండులా పడుండనా?"

"అయ్యో, ఎంత మాట! మీరు లేకపోతే నేను గడప దాటగలనా? ఇదిగో, వంటగట్టే చూడండి, అద్దంలా పెట్టారు. మొన్నాదివారం నేను చిరాగ్గా తొక్కలూ పొట్లాలూ ఒక్క ఊపున చెత్తబుట్టలోకి ఊడ్చేసి అరిచాను కదా, అప్పట్నుంచి గట్టు మీద కాగితం ముక్క కనబడితే ఒట్టు."

"ఆ... సర్లే. చల్లారిపోతోంది, తిను."

"తింటాలెండి. ముందు ఈ ఆపిల్ కోస్తున్నా. ఇంద, మీరూ ఓ ముక్క తీసుకోండి."

"నాకొద్దు."

"ఆపిలంటే ప్రాణం పెడతారే!"

"పుల్లగా ఉంటుంది. గొంతు పట్టేస్తుంది."

"తేనెలా ఉంది. చిన్న ముక్కే. ఆ మఫ్లరు తీయండి ముందు. తీయండంటుంటే... అత్తయ్యా! మీ పళ్ళసెట్టేది?"

"కడిగి పెట్టా."

"వారం రోజులుగా కడుగుతున్నారా? అందుకా ఇంటిల్లిపాదికీ ఈ గుజ్జు! నాకొక్క మాట చెప్తే ఏం పోయింది? ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడో పెట్టా. ముసలిదాన్ని, మతిమరుపు."

"మీకా మతిమరుపు? పక్కింటావిడ ఏనాడో పట్టుకెళ్ళిన గరిటె సంగతి ఇప్పటికీ తలుస్తారు! నిజం చెప్పండి. చివరిసారి ఎక్కడ పెట్టారు?"

"వదిలెయ్యవే."

"వదలను. చెప్పండి."

"కూరలు తరుగుతుంటే చిగుళ్ళు ఒరుసుకుని నొప్పెట్టాయి. తీసి, కాగితంలో చుట్టి, గట్టు మీద పెట్టా. అంతే."

"గట్టు మీదా? ఎప్పుడు? ...అత్తయ్యా, నా వంక చూడండి. ఆదివారమేనా?"

"గాలికి ఎగిరిపోయుంటాయిలే తల్లీ, ఆవేళ కిటికీ తీసే ఉంది. నువ్వు కూర్చుని తిను."