పాపయ్య గుట్ట మీంచి తెచ్చిన నల్లేరు

“నేను చెప్పేదాంట్ల ఆవగింజంత అబద్ధమున్నా, తెల్లారేసరికి నా మీసం ఒక పక్క ఊడిపోవాలె!” అని ఒట్టేసి, పాపయ్య తాను తెచ్చిన మూటను వీపు వెనక పెట్టుకొని బుచ్చమ్మ ఇంటి అరుగు మీద చేరగిలబడ్డాడు.

బుచ్చమ్మ కళ్లు ఆ మూట మీదే ఉన్నాయి. దుక్కులు దగ్గరపడ్డాయనగా ఆమె ఎద్దుకు కాలు విరిగింది. నల్లేరు దంచి కట్టు కట్టకపోతే అది ఇక లేవదు. పెన్‌పహాడ్ గుట్టల్లో తనకు తెలియని మొక్క లేదని పొద్దున్నే బయలుదేరినవాడు పాపయ్య. రజాకార్ల గొడవ సద్దుమణిగి ఏడాదైనా కాలేదు; మూట విప్పకుండా మాటలు విప్పేవాణ్ణి ఆ రోజుల్లో ఎవరు నమ్ముతారు?

“మూటల నల్లేరేనా, జెముడు కొమ్మలా?”

“జర ఆగు అక్కా. కండ్లు మూసుకొనే గుట్టెక్కిన. ఆకు నలిపి వాసన సూసి, గిది తంగేడు, గిది నేలవేము అని చెప్పుకుంట పోయిన.”

“గది మా మేకలు గూడ చెప్తయ్,” అన్నాడు అరుగు మీద చేరిన నలుగురిలో ఒకడైన మేకల కాపరి దుర్గయ్య.

“మీ మేకలు మార్వాడ దేశం పోయినయా? బట్టల హీరాలాల్ సేటు ఎంబడి నేను పోయిన. అంత ఇసుకనే, గడ్డిపోచ లేదు. నేలకు చెవి ఆనిస్తే లోపల జిల్లేడు వేరు గుటగుట నీళ్లు తాగుతున్నది! పట్టి గుంజిన, గుంజుతనే ఉన్న, ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? వేరు కొనకు మిర్యాలగూడ బావిల బొక్కెన తగులుకొని వచ్చింది!”

“బొక్కెన ఏది మరి?”

“సేటు ఉంచుకున్నడు. అటెన్క మంచుకొండ ఎక్కిన. గాడ ఒక మొక్క నన్ను సూసి, ‘పాపన్నా, నా పేరేందో నాకే తెల్వది, నువ్వే చెప్పాలె’ అని ఏడ్సింది. చెప్పిన. కండ్లు తుడుసుకొని అప్పటికప్పుడే పూత పట్టింది!”

బుచ్చమ్మ ఇక ఓర్చుకోలేక మూట లాగి విప్పింది. నాలుగు పలకల కాడలు, కణుపు కణుపుకూ నులితీగ. తుంచి చూసింది, జెముడుకులాగా పాలు కారలేదు. నల్లేరే! అయినా ఆమె మొహం విచ్చుకోలేదు.

“ఓ పాపయ్యా, మందు తెంపబోయినోడు ఇల్లు కదిలినకాంచి కట్టు కట్టేదాక పెదవి ఇప్పొద్దని పసిపిల్లకు గూడ ఎరికే. ఇప్పితే మందు ఉట్టి పుల్లనే. నువ్వేమో చివ్వెంల దాక ఇనబడేటట్టు మొత్తుకుంటివి! నా ఎద్దు మందు నీ నోట్లెనే ఖతమైంది గదరా!”

అరుగంతా గొల్లుమంది. పాపయ్య మీసం సర్దుకున్నాడు.

“నిజమే అక్కా. గీ పని నా నోటికి పడది, నువ్వే పో. పడమటి గుట్ట కాడ నల్లబండ ఉంటది, దాని పక్కపొంటి నల్లేరు పాకింది. ఎద్దును నేను సూసుకుంట.”

బుచ్చమ్మ కొంగు దోపి, వాడి ఏడు తరాలనూ కడిగెయ్యడానికి నోరు తెరిచింది.

పాపయ్య చటుక్కున వేలు పెదవికి ఆనించుకున్నాడు. “ఉష్! బయలెల్లినవ్ గద. ఒక్క మాట జారినా మందు చెడ్తది. నడువు!”