మగ్రిబ్ దాటితే నా వంతు

చిన్న భార్య అద్దె ఇంటి గుమ్మం. లోపలి గదిలో టైల్స్ మేస్త్రి జబ్బుతో పడుకుని ఉన్నాడు. సాయంత్రపు మగ్రిబ్ నమాజుకి ఇంకా కాస్త వ్యవధి ఉంది. పెద్ద భార్య ఇప్పుడే ఆటో దిగి వచ్చింది.

"మెల్లిగా మాట్లాడండి అక్కా. ఇప్పుడే కునుకు పట్టింది ఆయనకి."

"అక్కా అనకు. నీకూ నాకూ ఆ వరస ఎవరు కలిపారు?"

"ఆయనే కలిపారు."

"నోటికేం తక్కువ లేదు. తలుపు తియ్యి."

"తీసే ఉంది కదా."

"సగం తీశావు, మిగతా సగానికి నువ్వు అడ్డం నిలబడ్డావు. జరుగు. మగ్రిబ్ అజాన్ అయ్యిందంటే ఆయన నా ఇంట్లో ఉండే వంతు మొదలు. ఆటోని బయటే నిలబెట్టి వచ్చాను."

"ఆటోలో తీసుకెళ్తారా ఆయన్ని?"

"మరి నెత్తిన పెట్టుకుని తీసుకెళ్తానా? మా తమ్ముడు కూడా వస్తున్నాడు. కుర్చీతో సహా ఎత్తి ఎక్కిస్తాం."

"మీ ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదని ఆయనే చెప్పారు."

"ఇంకేమేం చెప్పారు మా ఇంటి గురించి?"

"ఏం చెప్పరు. మోకాళ్లు నొప్పులన్న రోజు నేనే అడిగాను, ఎందుకని."

"అడుగుతావా? నేనెప్పుడూ అడగలేదు ఈ ఇంటి గురించి. ఒక్క మాట అడగలేదు. నా ఇంట్లో ఉన్న రోజు ఆయన నా మనిషి, నీ ఊసు నాకెందుకు అనుకునేదాన్ని. అది కూడా ఒక మర్యాద."

"లోపలికి రండి. పక్కవాళ్లు చూస్తున్నారు."

"చూడనీ. నేనేం దొంగతనానికి రాలేదు. ఇమాం గారిని అడిగే వచ్చాను. మనిషి జబ్బు పడితే వంతు పోతుందా అంటే, పోదన్నారు. జబ్బులోనూ భార్యలందరికీ సమానంగానే ఉండాలట. ఒకరింట్లోనే ఉండాలనుకుంటే రెండో ఆవిడని అడిగి ఒప్పించుకోవాలట. మన ప్రవక్త గారంతటివారే ఆఖరి జబ్బులో భార్యల అనుమతి అడిగారు. ఈయన నన్ను అడిగారా? చెప్పు, అడిగారా?"

"మీ చెప్పులు ఇక్కడ విప్పండి. లోపల తడి గుడ్డతో తుడిచాను."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. దుమ్ము పనికిరాదన్నారు డాక్టరు గారు."

"నా వంతులు వరసగా తప్పినా ఒక్క ఫోన్ లేదు. పొరుగూళ్లో పని పడిందేమో అనుకున్నాను. ఆయనతో పనిచేసే మేస్త్రి మార్కెట్లో కనబడి చెబితే తెలిసింది నాకు. ఏమన్నాడో తెలుసా? మీ ఆయనకి ఊపిరాడట్లేదటమ్మా, చిన్నింట్లో ఉన్నారట, అన్నాడు. కూరగాయల సంచీ అక్కడే వదిలేసి ఇమాం గారి దగ్గరికి పరుగెత్తాను."

"ఇది చిన్నిల్లు కాదు. సాక్షుల ముందు నిఖా చేసుకుని వచ్చాను. పెళ్లికానుకగా మెహర్ ఇచ్చి తెచ్చుకున్నారు. ఆ మాట ఎవరన్నా నేను ఊరుకోను."

"నేను అనలేదు, ఆ మేస్త్రి అన్నాడు."

"మీరు ఇప్పుడు అన్నారు కదా."

"సరే, అన్నాను. నోరు జారింది. కూర్చోమని అనవా?"

"ఆ కుర్చీ కాలు ఊగుతుంది. మంచం మీద కూర్చోండి."

"ఈ పరదా... ఇదే పరదా మా ఇంట్లోనూ ఉంది."

"ఇదే రంగా?"

"ఇదే రంగు, ఇవే పూలు. నీకు ఏ రంగు ఇష్టమో ఆలోచించి మరీ తెచ్చాను అన్నారు నాతో."

"నాతోనూ అదే అన్నారు."

"ఆ నీళ్ల కూజా?"

"మీకూ ఉందా?"

"మూత కూడా అదే. ఏ వస్తువైనా రెండేసి కొంటారు. షాపువాడు డజను కొంటే తగ్గిస్తానన్నాడట, ఒకసారి నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. దాని బదులు నాకొక్కదానికే ఒక పిన్నీసు తెచ్చిచ్చినా సంతోషపడేదాన్ని."

"నేనూ అంతే అక్కా."

"నీకేం తక్కువ? నేల నిండా రంగు రంగుల టైల్సు. నా ఇంట్లో సిమెంటు గచ్చే. ఊరందరి ఇళ్లకీ వేస్తారు, మన ఇంటికి నిదానంగా వేద్దాంలే అంటారు. ఇక్కడ మాత్రం నిదానం లేదు."

"ఇవి ఆయన వేసినవి కాదు. అద్దెకి వచ్చేటప్పటికే ఉన్నాయి. వంకరగా వేశాడు వెధవ అని ఆ వేసినవాణ్ణి తిట్టుకుంటూ ఉంటారు, అన్నం తింటున్నంతసేపూ."

"అన్నం దగ్గర తిడతారా? నా దగ్గర ఉప్పు తక్కువైతే తిడతారు. కారం ఎక్కువైతే కంచం జరిపేస్తారు. నిన్ను కూడానా?"

"నన్ను ఒక్కనాడూ అనలేదు. ఏది పెడితే అది తింటారు. బాగుంది అంటారు."

"బాగుంది అంటారా? ఆ మాట ఆయన నోట నేను ఈ జన్మలో వినలేదు. ఇన్నేళ్లు వండిపెట్టాను, ఒక్కసారి విననివ్వలేదు. నువ్వొచ్చి నిన్న గాక మొన్న, నీకు బాగుంది అంటారా?"

"కూరలో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను ఒకరోజు. అప్పుడూ బాగుందనే అన్నారు. తర్వాత నేను తిని చూసుకుంటే నోట్లో పెట్టుకోలేకపోయాను. చుట్టాల ఇంటికి వచ్చినవాళ్లు అలా తింటారు అక్కా, సొంత ఇంట్లో తినేవాళ్లు తినరు. ఉప్పు లేదని మిమ్మల్ని తిడతారు చూడండి, ఆ తిట్టు కోసం నేను కుళ్లుకుని చచ్చాను."

"తిట్టు కోసం కూడా కుళ్లుకుంటారా ఎవరైనా?"

"మీకు దొరికింది కాబట్టి మీకు తెలియదు."

"నాకు తెలియనిది నువ్వు చెప్తావా? నీ మొదటి మొగుడు పరంజా మీంచి పడి పోయినప్పుడు ఈయన ఇంటికొచ్చి గోడకానుకుని ఏడ్చారు. నా పక్కన పనిచేసేవాడు, వాడి పెళ్లాం దిక్కు లేనిదైపోయింది అని. నేనే అన్నాను, నిఖా చేసుకోండి అని. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు. అందుకే అక్కా అంటున్నాను."

"సవాబ్ వస్తుంది, పుణ్యం దక్కుతుంది అనుకుని అన్నాను. సవాబ్ వచ్చిందో లేదో ఆ అల్లాకే తెలియాలి, నా కడుపులో మాత్రం మంట మొదలైంది. నీ వంతు రోజున రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. గిన్నెలన్నీ దించి మళ్లీ తోముకునేదాన్ని. మా కింద ఇంటావిడ అడిగేది, ఏమ్మా, రోజు మార్చి రోజు మీ ఇంట్లో ఈ చప్పుడేంటి అని."

"అదుగో, ఆయన దగ్గుతున్నారు. మీరు ఉండండి, వస్తాను."

"నేనూ వస్తాను."

"ఇద్దరం వెళ్తే నిద్ర లేస్తారు."

"లేస్తే లేవనీ, నన్ను చూడాలి కదా. తప్పుకో... యా అల్లా. ఇదేంటి, ఇంత చిక్కిపోయారేంటి? ఈయనేనా? ఈ ముక్కుకి పెట్టిన గొట్టమేంటి?"

"బయటికి రండక్కా. ఏడిస్తే వినబడుతుంది ఆయనకి. ఆ గొట్టంలోంచి ఆక్సిజన్ వస్తుంది. ఆ మిషను తీస్తే ఊపిరి అందదు."

"టైల్సు కోసిన దుమ్మంతా రొమ్ములోనే పేరుకుందా? గుడ్డ కట్టుకోమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కట్టుకునేవారు కాదు. ఉక్కపోస్తుందనేవారు."

"నేనూ చెప్పాను."

"నువ్వు చెబితే విన్నారా?"

"వింటాను అన్నారు. కట్టుకోలేదు."

"అదీ మర్యాదేనన్నమాట నీ దగ్గర. డాక్టరు ఏమన్నాడు? నిజం చెప్పు. నా మీద ఒట్టు పెట్టమననులే, ఊరికే చెప్పు."

"ఆసుపత్రిలో ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండి అన్నారు."

"అంటే?"

"అంటే అంతే అక్కా."

"నాకు ఎందుకు చెప్పలేదు? అంత మాట అన్నాక కూడా నాకు కబురు చెయ్యలేదు. ఏం, నేను భార్యని కాదా? దగ్గరుండి చూసుకునే హక్కు నాకు లేదా? నీళ్లు తాగించే హక్కు లేదా? అన్నీ నువ్వే చేసేస్తే రేపు అల్లా ముందు నేను ఏం చెప్పుకోను?"

"తప్పే. నేను కాదనట్లేదు."

"ఆయన గోళ్లు ఎవరు తీశారు?"

"నేనే."

"సిమెంటు పోయేది కాదు ఆ గోళ్లల్లోంచి. గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టి, అగ్గిపుల్లతో తీసేదాన్ని. మర్నాడు పనిలోకి వెళ్తే మళ్లీ నిండిపోయేవి. ఇప్పుడు తెల్లగా, పంతులు గోళ్లలా ఉన్నాయి. గడ్డం కూడా దువ్వావు."

"దువ్వితే కళ్లు మూసుకుంటారు, హాయిగా ఉన్నట్టు."

"తెలుసులే నాకు. నువ్వు చెప్పాలా... ఆ దిండ్లు అలా ఎందుకు పెట్టావు, మెట్లు కట్టినట్టు?"

"వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. కూర్చోబెడితే నడుం నిలవదు. అటూ ఇటూ పెట్టి చూస్తే ఇలా ఒక్కటే కుదిరింది. రాత్రంతా ఆ చివరి దిండు జారకుండా నా వీపు ఆనించి కూర్చుంటాను."

"రాత్రంతానా?"

"పగలు కాస్త పడుకుంటాను."

"అబద్ధం. కళ్ల కింద చూసుకున్నావా అద్దంలో? తిన్నావా ఇవాళ?"

"పాలలో బ్రెడ్డు ముంచి ఆయనకి పెట్టాను."

"నేను అడిగింది ఆయన సంగతి కాదు."

"తింటాను లెండి."

"ఫోన్ మోగుతోంది. మా తమ్ముడే. ఆ, నేనేరా. వచ్చావా? ఆటో దగ్గరే ఉండు. వద్దు, లోపలికి రాకు. కుర్చీ ఏం వద్దురా, ఉండమన్నానా? పెట్టెయ్."

"ఏమైందక్కా?"

"ఆ మెట్లు నేను ఎక్కడానికే మధ్యలో ఆగాల్సొస్తుంది. ఆ మిషను పీకి, కుర్చీలో వేసి ఎత్తితే, మా ఇంటి తలుపు చూడకుండానే పోతారేమో. నా వంతు కోసం ఆయన్ని చంపుకుంటానా?"

"మిషనుని కూడా మోసుకెళ్లొచ్చట. చిన్నది ఒకటి అద్దెకి ఇస్తారట. డాక్టరు గారే చెప్పారు."

"నువ్వెందుకు అడిగావు డాక్టర్ని, ఆ సంగతి?"

"ఊరికే."

"ఊరికేనా... సరే, విను. ఇమాం గారు ఇంకో మాట కూడా చెప్పారు. నేను ఇందాక నీకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. వంతు అనేది నా హక్కట, కానీ ఇష్టపడితే దాన్ని నేను రెండో ఆవిడకి ఇచ్చెయ్యొచ్చట. బలవంతం లేదు, మనస్ఫూర్తిగా ఇవ్వాలట. మనస్ఫూర్తిగా అంటే అబద్ధమవుతుంది, మంట ఇంకా అలాగే ఉంది. కానీ ఇస్తున్నాను. నా వంతులన్నీ నీవే. ఇక్కడే ఉండనీ ఆయన్ని. పగలు నేను వచ్చి ఆ దిండు దగ్గర కూర్చుంటాను, నువ్వు పడుకో."

"వద్దక్కా. అలా అనకండి."

"ఇస్తున్నాను కదమ్మా. ఇంకేం కావాలి నీకు?"

"మీరు ఇవ్వకూడదు. నేను తీసుకోకూడదు."

"ఎందుకు తీసుకోకూడదు? ఆయన ఇక్కడ ఉండాలనే కదా ఇక్కడ పడుకున్నారు. పైకి అనకపోయినా నాకు అర్థం కాదా? ఆఖరికి మనసు ఎటు లాగితే అటే పోతారు మనుషులు. దానికి వంతులు లేవు. నేను గొడవ పెట్టుకోను. ఒక్కటే బాధ, నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే కాదంటానా?"

"ఆయన అనుమతి అడిగారు."

"ఎప్పుడు?"

"ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే. ఆ రోజు నా వంతు, అందుకే ఇక్కడికి తెచ్చాను. మంచం మీద పడుకోబెట్టగానే."

"మరి నాకు ఫోన్ చేసి చెప్పాలా లేదా? ఆ అనుమతి అడగలేదనే కదా నేను ఇందాకట్నుంచి బాధపడుతున్నది. ఏమన్నారు? ఇక్కడే ఉంటానని నన్ను అడగమన్నారా?"

"మిమ్మల్ని అడగమనలేదు. నేను ఒప్పుకునేదాకా మీకు ఫోన్ కూడా చెయ్యనన్నారు. మీకు ముందే తెలిస్తే నన్ను బలవంతపెట్టినట్టు అవుతుందట."

"నువ్వు ఒప్పుకోవడమేంటి? నువ్వు దేనికి ఒప్పుకోవాలి?"

"మీ ఇంట్లో చనిపోవడానికి అక్కా. రోజూ అడుగుతున్నారు నన్ను. నేనే ఇంకా సరే అనలేదు."