పైపు కారిన చోట

కాలు తియ్యక్కా! చూసుకుని నడవొద్దూ? ఆ గచ్చు పగులులో పాచి ఉంది.

ఉంటే ఏంటంటావా? వంగి చూడు. మనం పెరిగిన క్వార్టర్లన్నీ కూలగొట్టి చదును చేసేశారు. కనుచూపు మేర గడ్డిపోచ లేదు. ఈ ఒక్క పగులులో ఎంత సంసారమో! పాచిలో ఆవగింజంత ఆకులు, వాటి కింద నత్తపిల్ల. అదిగో, చీమ కూడా వచ్చింది చుట్టపుచూపుగా.

ముద్దొస్తోందా? అమ్మకీ ముద్దొచ్చేవి ఇవి.

నీకెలా తెలుస్తుందిలే, నువ్వుంటేగా! మంచాన పడ్డాక అమ్మ లోకమంతా మంచం పక్క కిటికీయే. ఎదురుగా ప్రహరీగోడ, ఎండకి పెచ్చులూడిపోయి. పైపు కారే చోట మాత్రం అరచేయంత పచ్చదనం. పొద్దున్నే కళ్లజోడు పెట్టించుకుని, "ఏమొచ్చాయే ఇవాళ?" అనేది. సాలీడు గుడ్లు పెట్టిందమ్మా అంటే, ఆ పూట ఇంకో రెండు ముద్దలు తినేది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో వాగుగట్టున పాకుతూ పురుగుల్ని వెతికిన కబుర్లు చెప్పేది. అమ్మ కూడా ఒకప్పుడు పాకిందంటే నవ్వొచ్చేది నాకు.

నా నోరు ఊరుకుంటుందా? గోడ చెమ్మెక్కిందని ఫోన్లో నీతో అన్నాను. అంతే! మహాతల్లివి, రావడానికి తీరిక లేదు గానీ, మర్నాటికల్లా ప్లంబర్‌ని పంపించావు. నేను మందులు తెచ్చేలోపు పైపు మార్చి, గోడ గీకి, సున్నం కూడా కొట్టేసి పోయాడు. తళతళలాడిపోయిందనుకో!

అమ్మ ఏమందా? "నువ్వేనా చేయించింది?" అంది. ఊఁ అన్నాను.

మరేం చెప్పమంటావు? నీ ఫోనొస్తే చాలు, ఆవిడ మొహం వెలిగిపోయేది. ఉన్న ఆ ఒక్క దీపాన్నీ ఆర్పేయనా?

ఆ తర్వాత నా చేతి ముద్ద తింది గానీ, నాతో మాట్లాడలేదు. దాహమేస్తే గ్లాసు వైపు చూపించేది. నీ ఫోనొస్తే మాత్రం "బంగారుతల్లీ" అని గొంతు పెగిలేది. ఆ ఫోను ఆవిడ చెవికి ఆనించి పట్టుకున్నదాన్ని నేనే.

ఏడవకు. ఏడుస్తావనే ఇన్నాళ్లూ చెప్పలేదు. నేనే ఆ గోడని చంపానని నమ్మి పోయింది అమ్మ. ఇప్పుడు నువ్వెవరికి చెబుతావు, "చెల్లి కాదమ్మా, నేను" అని?

పద, ఎండెక్కుతోంది.