జేబు లేని చొక్కా

ఫిరంగి గుండ్లు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ గది. మధ్యాహ్నం షిఫ్టు దిగిపోతోంది. మేనేజరు తన అక్క మొగుడైన ఇన్‌స్పెక్టరు ముందు కాగితం పెట్టి అరగంట అయింది.

"పెడతావా పెట్టవా, బావా? ఒక్క సంతకం."

"గుండు మూతి కొలత గేజికి ఒప్పుకోవట్లేదురా."

"ఆరొందల గుండ్లలో ఒక్కటీ ఒప్పుకోలేదా?"

"నలభై చూసి ఆపేశా. గేజికి దూరకూడని కొన ఉందే, అది నలభైట్లోనూ దూరింది. మూతి వదులు. అందులో బిగించే, గుండుని పేల్చే ఫ్యూజు కదిలిందంటే గుండు ఫిరంగి గొట్టంలోనే పేలుతుంది. పేల్చేవాడే పోతాడు. నీకు తెలియందా."

"తెలుసు. సోమవారం మన షేర్లు మార్కెట్లోకి వస్తున్నాయని కూడా తెలుసు. ఆ డబ్బుతోనే కొత్త మిషన్లు. అవొస్తే మన దేశానికి గుండ్ల కోసం ఇంకో దేశం గుమ్మంలో నిలబడే ఖర్మ తప్పుతుంది. ఈ ఆరొందల గుండ్ల చివరి లాటు తప్పిందని రాస్తే షేర్లెవరు కొంటారు?"

"ఎవరూ కొనరు."

"మరి?"

"మరేముంది. కూర్చో ముందు. తిరిగి తిరిగి సగమయ్యావు."

"అక్క కూడా కొంటానంది. నువ్వు చూసి పంపే సరుకంటే తనకి అంత నమ్మకం."

"మీ అక్కని మధ్యలోకి లాగకు."

"లాగట్లేదు. అదే మిషను, అదే ఉక్కు, అదే మనిషి. పోయిన పదకొండు లాట్లూ నువ్వే పాస్ చేశావు. ఇవాళే ఏమొచ్చింది?"

"అదే ఆలోచిస్తున్నా, పొద్దుట్నుంచీ."

"గేజి అరిగిందేమో."

"ల్యాబుకి పంపి చూపించా. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఇంకేంటి మరి? కొత్త చొక్కా కరుస్తోందా?"

"ఈ చొక్కాలు ఎవరు కుట్టించమన్నారు?"

"నేనే. షేర్లు కొనే పెద్దమనుషులు చూడ్డానికొస్తారు, ఫొటోలు తీస్తారని. బాగాలేదా?"

"బాగుంది. జేబు లేదు."

"పెన్ను చెవిలో పెట్టుకో."

"పెన్ను కాదురా, గేజి. ఎక్కడైనా పారేస్తానేమోనని ఎప్పుడూ గుండె మీది జేబులోనే ఉంచుకునేవాణ్ణి. ఇవాళ చోటు లేక రాతిబల్ల మీద పెట్టా."

"పెడితే?"

"చల్లగా ఉంది."

"బావా, అలిసిపోయావు. ఇంటికెళ్లు."

"ఒంటి వేడికి గేజి ఉబ్బుతుంది. ఉబ్బిన కొన వదులు మూతిలో కూడా దూరదు."

"అంటే..."

"ఈ కాగితం పక్కన పెట్టు. ఆ పదకొండు లాట్లూ ఏ సరిహద్దుకి వెళ్లాయో, ముందు అక్కడికి ఫోన్ చెయ్యి."