పొద్దుటి పేడ

గోబర్ గ్యాసు ఆగిపోతే నా గుడిసెకొచ్చారా సారూ! వెలిగినన్నాళ్లూ ఒక్కరన్నా ఇటు తొంగిచూశారా? ఆరిపోయేసరికి లింగమ్మ గుర్తొచ్చిందా?

కూర్చోండి. అదుగో, ఆ రాయి మీద. స్కూటరు కొంచెం నీడన పెట్టుకోండి, సీటు కాలిపోద్ది. మంచినీళ్లిమ్మంటారా? తాగర్లే. పేడ చేతులాయె.

మావా, నువ్వు లెయ్యబాక! గ్యాసు సారు, నరసరావుపేట నుంచొచ్చాడు. పడుకో నువ్వు. మా ఆయన సారూ, ఏడుకొండలు. దాచేపల్లి క్వారీలో రాయి దొర్లి కాలు నుజ్జయింది. అప్పట్నించీ ఆ మంచమే. ఈ కొంపకి నా రెక్కలే దిక్కు.

ఏందీ? పేడ నేను ఎత్తుకుపోతున్నానా? చాలినంత పడక గ్యాసు ఆగిందా? మా ఆసామి పుల్లారావుగారే చెప్పాడా ఆ మాట? వింటున్నావా మావా, నీ పెళ్లాం దొంగంట! బంగారం కాదు, వెండి కాదు, పేడ! పేడదొంగ! నవ్వుతావేందయ్యా, ఏడవాలి గానీ.

అసలు ఆ పేడ ఎవరిదో తెలుసా సారూ మీకు? మా అత్త కాపరానికొచ్చినప్పట్నించీ వాళ్ల గొడ్లసావిడి ఊడ్చేది మేమే. పొద్దుటి పేడ ఊడ్చినదానిది. సాయంత్రం పేడ ఆసామి పెంటకుప్పకి. ఎవరూ రాసుకోలా, ఎవరూ తగూ పెట్టుకోలా. వాళ్ల తాతప్పుడూ అంతే, నాయనప్పుడూ అంతే. జీతమెంతంటారా? అదే సారూ జీతం! ఇంకా జీతమేంది?

ఆ పేడలో ఇంత ఊక కలిపి ఈ గోడకే పిడకలు కొట్టేదాన్ని. ఇదుగో, ఇప్పుడు బోడిగా ఉందే, ఈ గోడే. సగం మా పొయ్యిలోకి. సగం తట్టకెత్తుకుని క్రోసూరు సెంటర్లో సైదాబీ టీ బంకుకి. "నీ పిడక మీద పాలు మాడవే లింగమ్మా, మీగడ ఇంత మందాన కట్టుద్ది" అనేది సైదాబీ. చానా మంచి మనిషి. తట్ట దించంగానే ముందు టీ చేతిలో పెట్టేది. ఆ పిడకల మీదొచ్చిందాంతోనే మాకు నూకలు, ఈయన కాలుకి కట్టు.

ఇప్పుడు సైదాబీ పంపు స్టవ్వు కొనుక్కుంది. నాకోసం ఎన్నాళ్లని పొయ్యి ఆర్పుకుని కూర్చుంటది పాపం?

మీరొచ్చారు. మీటింగు పెట్టారు. మైకులో ఏమన్నారు? పేడంటే బంగారం అన్నారు. ముందు మంట, ఆ తర్వాత ఎరువు, రవ్వంత కూడా వృథా పోదన్నారు. అంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా సారూ! నిజం, అరచేతులు మండేట్టు కొట్టా. బంగారమైతే మరి నా పొద్దుటి తట్ట కూడా బంగారమే గదా అనుకున్నా, మతిలేనిదాన్ని.

తొట్టి కట్టారు, బాయంత గుంట తవ్వారు, దాని మీద ఆ ఇనప గంగాళం బోర్లించారు. గ్యాసు నిండితే అది పైకి లేస్తదంటే ఊరంతా జాతరకొచ్చినట్టొచ్చి చూశారు. ఆ మర్నాడు ఆసామి పిలిచి, "పొద్దుటి పేడ కూడా తొట్లోనే వెయ్యవే" అన్నాడు. మరి నాకు అన్నా. "నీకేం లోటే, కలిపే పని కూడా నీదేగా" అన్నాడు. నాకేదో మేలు చేసినట్టు!

ఇదివరకు ఊడ్చి ఎత్తుకెళ్లేదాన్ని. ఇప్పుడు ఊడవాలి, నీళ్లు మొయ్యాలి, మోచేతుల దాకా తొట్లో ముంచి గడ్డీ గాదం ఏరెయ్యాలి, జారుగా కలిపి గుంటలోకి వదలాలి. పని రెట్టింపు, పేడ సున్నా. మేతకి పోయిన గొడ్లు దారిలో వేసింది తెచ్చుకుందామంటే, వాటి వెనక కూడా ఆసామి తట్ట నడుస్తా ఉంది.

ఆ బురదా? గ్యాసు పోయాక గుంట అవతలి నుంచొచ్చే బురద ఎండబెట్టుకోమంటారా? అదీ చేశా సారూ. పిడకలు కొట్టి ఎండబెట్టి ముట్టిస్తే పొగే గానీ మంట ఏది? తినేసిన మామిడి టెంకను మళ్లీ చీకమన్నట్టుంది. ఇంకో వారానికి అదీ లేదు. పత్తికి బాగా పనిచేస్తదని చేలోకి తోలుకున్నాడు. మీరే చెప్పారంటగా, ఏదీ వృథా పోనియ్యద్దని? పోనియ్యలా మారాజు. నేనొక్కదాన్నే పోయా.

అట్టాగని మీ గ్యాసు చెడ్డదనను. అబద్ధం ఎందుకాడాలి? ఆసామి భార్య తిరుపతమ్మగారు, ఆ పెద్దమ్మ, ఇన్నేళ్లూ పొగలో గొట్టం ఊది ఊది కళ్లు పుండ్లు చేసుకుంది. నీలం మంట వెలిగిన రోజు నన్ను వంటింట్లోకి పిలిచి చూపించింది. "చూడవే లింగీ, కళ్లనీళ్లు రావట్లేదు" అని చిన్నపిల్లలాగా నవ్వింది. నాకూ సంబరమే అయింది సారూ. అయిందా, ఇంటికొచ్చా. ఈయనకి వేణ్ణీళ్లు పెడదామంటే పొయ్యిలోకి పుల్ల లేదు. దడి పీక్కొచ్చి మంట పెట్టా. ఆ సంబరం, ఈ కడుపుమంట రెండూ ఒక్క పూటే.

సరే. గ్యాసు ఎందుకు ఆగిందో కదా మీకు కావాల్సింది? పెద్దాఫీసరు ఎల్లుండి చూడ్డానికొస్తాడంట, మీ ఉద్యోగం గోల మీది. చెప్తా వినండి.

ప్రారంభం రోజున మీరే చెప్పారు. గుంటలో కంటికి కనపడని పురుగుంటది, అది పేడ తిని గ్యాసు చేస్తది, సబ్బునీళ్లూ పురుగుమందూ పడనియ్యబాకండి, చచ్చిపోద్ది అని. ఆసామి వినలా, ఫోటోకి తలపాగా సర్దుకుంటన్నాడు. నేను విన్నా.

పత్తిచేలో పారేసిన మందు డబ్బాలు ఏరుకొచ్చి, కడిగి, ఆ నీళ్లు పేడలో కలిపి వదిలా. ఒక పూట కాదు. గంగాళం కుంగిందాకా వదిలా.

అట్టా చూస్తారేంది సారూ? మావా, నువ్వు ఊరుకో! నోరు మూసుకుని ఎన్నాళ్లుంటా?

గ్యాసు చస్తే నా పొద్దుటి పేడ నాకొస్తదనుకున్నా. అంతే నా ఆశ. వొచ్చిందా? మంట ఆరిన మర్నాడే ఆసామి ఏమన్నాడో తెలుసా? "బాగయ్యిందాకా ఆ పేడంతా పిడకలు చెయ్యవే. మా గోడకే కొట్టు. పొయ్యికి పోను మిగిలినయ్ అమ్మిద్దాం" అన్నాడు. అమ్మిద్దామంట! పేడ తట్ట ఎదురొస్తే ముక్కు మూసుకున్న ఇల్లు సారూ అది. దానికి వెల ఉందని మీరు నేర్పారు. గ్యాసు పోయినా ఆ చదువు పోతదా?

పెద్దమ్మ మళ్లీ గొట్టం ఊదుతా ఉంది. నిన్న నన్ను చూసి, కొంగుతో కళ్లు వత్తుకుంటా "ఏమే, అన్నం తిన్నావా?" అంది. ఆమె పెట్టిన ముద్ద తినకుండా ఈయనకి తెచ్చిపెట్టా.

పోయి చెప్పండి ఆసామికి. పని మానెయ్యమంటాడా? మంచిది. రేపు పొద్దున ఆ తొట్లో చెయ్యి పెట్టేదెవరు మరి? ఆయనా? మీరా?

చెప్పరా? మీ ఇష్టం. ఏందీ, గుంటంతా తోడి పారబోసి కొత్త పేడ నింపాలా? తోడేదెవరంట?

నేనేగా. తోడతాలెండి.