భూపాల్ ఓటు

నాంపల్లిలో మూడో అంతస్తు గది, సాయంత్రం. ముగ్గురి బ్యాండులో మిగిలిన ఇద్దరు, అఖిలేష్, రశ్మి. భూపాల్ ఎండాకాలంలో పోయాడు.

"గోడ దిక్కు తిరుగు, రశ్మీ. రూల్ రూలే."

"భూపాల్ లేకుంట రూలేంది, అఖిలేష్?"

"వాడు పెట్టిందే గదా. ట్యూన్ కట్టినోడు వాయించాలె. వినేటోళ్ళు గోడ దిక్కు తిరగాలె, మొహం చూసి కనిపెట్టొద్దు. ఎక్కడన్న విన్నట్టుంటే పాట పడేయాలె. రేపు నా పేరు మీద బయటికి పోయే పాట ఇది."

"బ్రిటిష్ బ్యాండ్లది కాపీ అయితే నేను పట్టుకుంట. అమెరికాది భూపాల్ పట్టుకుంటుండె. ఆ ఓటు ఎవరేస్తరు?"

"వాని కుర్చీ గూడ గోడకు తిప్పి పెట్టిన."

"గట్ల చెయ్యకు. నాకు భయమైతది."

"అసలు అమెరికాతోని నాకు ఫికర్ లేదు. కాపీ కొట్టేది మీ ఇంగ్లండోళ్ళే."

"మళ్ళ మొదలువెట్టినవా?"

"అబద్ధమా? ఒకనికి పేరొస్తే ఊరంతా గదే గిటార్, గదే క్రాఫు. అమెరికాల ఎవని షెడ్డుల వాడు వాయించుకుంటడు. పక్క ఊరోడు ఏం వాయిస్తుండో తెల్వది. గందుకే కొత్తగుంటది."

"ఎవ్వడు వినకపోతే కాపీ అని ఎట్ల దొరుకుతది? బ్రిటిష్ పోరలు కనీసం వాళ్ళ గల్లీ యాసల పాడుతరు. నువ్వు తెలుగు పాట గూడ అమెరికా ముక్కుతోనే పాడుతవ్."

"అచ్చం భూపాల్ తీర్గనే తిడుతున్నవ్."

"ఔ, వాడు నీ అమెరికా పార్టీయే అయినా నిన్ను మాత్రం వదలకపోతుండె. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సీడీలు ఏరుకుంట మొదలువెడితే, గన్‌ఫౌండ్రీల చాయ్ తాగేదాక గదే లొల్లి. సరే, తిరిగిన. వాయించు."

"అయింది. చెప్పు."

"మధ్యల ఆగినవ్ గదా. గాడ్నుంచి మళ్ళొకసారి వాయించు."

"విన్నవా ఆ గ్యాపు? గదే నా పాట. రెండుసార్లు ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళ అందుకుంటది. ఇంగ్లండుల లేదు, అమెరికాల లేదు."

"ఎప్పుడు కట్టినవ్?"

"కట్టలే, వచ్చింది. వాడు పోయిన తెల్లారి లేస్తే నోట్లె ఉన్నది. అప్పట్నుంచి పోతలేదు. బస్సుల ఉంటది, తింటుంటే ఉంటది. ఒక్కోసారి గిటార్ కింద పెట్టినంక గూడ గీ గదిల నడుస్తనే ఉన్నట్టుంటది. ఎవరో ఉన్నట్టు. చెప్పు, బ్రిటిషా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"కాదు."

"అమెరికాదా?"

"కాదు."

"మరి కొత్తదే అను, అయిపోతది. వాడు పోయినంక నాకు ఇంకో ట్యూన్ రాలే, రశ్మీ. ఇది గూడ పడేయాల్సొస్తే ఇగ గిటార్ ముట్ట."

"దవాఖానల ఆఖరి రోజు నువ్వు యాడున్నవ్?"

"గదెందుకిప్పుడు?"

"చెప్పు జర."

"వాని పక్కనే ఉన్న. నిద్ర లేక లేక పొద్దుగాల కన్నంటుకుంది. లేసేసరికి వాడు మాట్లాడేటట్టు లేడు. నాకొక్క మాట చెప్పకుంట పోయిండు."

"నేను చాయ్ పట్టుకొని వచ్చిన. నువ్వు వాని మంచం మీద తల పెట్టి పండుకున్నవ్. వాడు నీ చెవికాడ మెల్లగ రాగం తీస్తుండె."

"ఏం రాగం?"

"గిదే."

"కాదు. గిది నాది."

"మధ్యల ఊపిరందక మాస్క్ పెట్టుకుంటుండె. రెండుసార్లు పీల్చుకొని, మాస్క్ తీసి, మళ్ళ అందుకుంటుండె."

"రశ్మీ, ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు."

"చూసే చెప్తున్న."

"అంటే... వాని పాట. వాని పాట మీద నా పేరేసుకున్న. పడేయాలె. రూల్ ప్రకారం పడేయాలె."

"ఆగు. నిన్ను లేపుతా అన్న. లేపనియ్యలే."

"ఎందుకు?"

"'నిద్రల వింటే తన పాటే అనుకుంటడు, అనుకోనియ్యి' అన్నడు."